సిలువ చుట్టూ ఆ వలయం ఎందుకు?

శ్రీకాకుళం నుంచి టెక్కలి వైపు వెళుతుంటే దారి పొడవునా రాళ్లు కోసే యార్డులు కనిపిస్తాయి. ఈ జిల్లా నీలి గ్రానైటుకు విదేశాల్లో మంచి గిరాకీ ఉంది. అక్కడ దానితో సమాధి రాళ్లు కూడా చేస్తారు. అలాంటి ఒక యార్డు దగ్గర మొదలైన చిన్న తగవు ఈ వారం మాచేత ఈ నాలుగు మాటలూ రాయిస్తోంది.

మాకు బాగా తెలిసిన కుటుంబం అది. ఇంటిపెద్ద బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, నిరుడు ప్రభువునందు నిద్రించారు. ఏడాది తిరిగేలోగా సమాధి మీద రాయి నిలబెట్టాలని పెద్దకొడుకు యార్డుకు వెళ్లాడు. మేస్త్రి సెల్‌ఫోనులో నమూనాలు చూపించాడు. అందులో ఒకటి కుర్రవాడికి నచ్చింది. పొడవాటి సిలువ, దాని చేతులు కలిసే చోట ఒక గుండ్రని వలయం, ఒంటినిండా తాడు మెలిపెట్టి అల్లినట్టు చెక్కడం. ‘ఇది ఐరిష్ మోడల్ సార్, మనకి కొత్త’ అన్నాడు మేస్త్రి. బొమ్మ కింద అర్థాలు కూడా అచ్చువేసి ఉన్నాయట. వలయమంటే నిత్యత్వం, మూడు కోణాల ముడి అంటే త్రిత్వం, తెగని అల్లిక అంటే అంతులేని ప్రేమ.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఫోటో చేతులు మారింది. సంఘపెద్దల్లో ఒకాయన చూసి ఫోను వెనక్కి ఇచ్చేశారు.

‘అది సూర్యుడి గుర్తు బాబూ. సిలువ పుట్టకముందే ఆ దేశపోళ్లు ఆ గుండ్రానికి మొక్కీవోరు. అన్యుల గుర్తు మన సమాధి మీద ఏటి?’

ఆయన మాటను కొట్టిపారేయడానికి లేదు. అరసవల్లి పక్కనే కాపురం ఉండే ఊరు మాది. ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు గుడిలో మూలవిరాట్టు పాదాలను తాకే రోజుల్లో ఎంత జనం వస్తారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లం. పొరుగువారి భక్తిని గౌరవిస్తూనే, అందులో మనం ఎంతవరకు పాలుపంచుకోగలం, ఎక్కడ ఆగాలి అని ఇక్కడి క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఆలోచిస్తూ వచ్చాయి. అలాంటి చోట ‘సూర్యుడి గుర్తు’ అన్న మాట పడితే ఆ మాట అక్కడితో ఆగదు.

పంతులుగారి భార్య మాత్రం ఒక్కటే అడిగారు. ‘ఆయన బతికున్నన్నాళ్లూ సిలువ తప్ప ఇంకో గుర్తు ఎరగరు. ఇప్పుడు ఆయన మీద తగువేటండీ?’ అని మా వైపు తిరిగి, ‘మీరు పేపర్లో రాస్తారు కదా, మీరే తెలుసుకొని చెప్పండి’ అన్నారు.

అలా ఆ పని మా మీద పడింది.

ఎవరూ రాసిపెట్టని అర్థాలు

కెల్టిక్ అన్నది ఒక భాషా కుటుంబానికి, ఆ భాషలు మాట్లాడిన జనాలకు పేరు. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతాల్లో ఆ భాషలు నేటికీ బతికి ఉన్నాయి. ఐర్లాండులో సువార్త గట్టిగా వేళ్లూనింది 5వ శతాబ్దంలో. ఆ పని చేసినవారిలో అందరికీ తెలిసిన పేరు పాట్రిక్. తరువాత రెండు మూడు వందల ఏళ్లలో అక్కడి మఠాలు చదువుకూ, సువార్త ప్రతులు రాయడానికీ పేరుపొందాయి. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో భద్రంగా ఉన్న ‘బుక్ ఆఫ్ కెల్స్’ సుమారు క్రీ.శ. 800 నాటిది. నాలుగు సువార్తలను దూడ చర్మం మీద లాటిన్‌లో చేత్తో రాసిన ప్రతి అది. మత్తయి మొదటి అధ్యాయంలో క్రీస్తు జననం మొదలయ్యే చోట, ప్రభువు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలతో ఒక పేజీ మొత్తం నింపేశారు. సుడులు, ముడులు, అల్లికలు పేజీ అంతా పరుచుకున్నాయి. జాగ్రత్తగా చూస్తే అక్షరాల అడుగున పిల్లులు, ఎలుకలు, ఒక గుండ్రని రొట్టె, పక్కన చేపను నోట కరచుకున్న నీటికుక్క కనిపిస్తాయి. లోకరక్షకుని పేరు రాస్తూ ఆ మూల ఎలుకలను కూడా గీసిన సన్యాసి ఎవరో గానీ, ఆయనతో ఒక పూట కూర్చుని మాట్లాడాలనిపించింది మాకు.

అయితే ఆ ముడులకు అర్థమేమిటి? మా వెతుకులాటలో ఎదురైన పెద్ద ఆశ్చర్యం ఇక్కడే. ఏ ముడికి ఏ అర్థమో చెప్పే ఒక్క వాక్యం కూడా ఆ కాలం నుంచి మనదాకా రాలేదు. అల్లిక పని అయితే కెల్టుల సొంతం కూడా కాదు. రోమన్ల నేల చిత్రాల్లో ఉంది, ఈజిప్టు క్రైస్తవుల పనితనంలో ఉంది, ఇంగ్లండు ఆంగ్లో-సాక్సన్ల నగల మీద ఉంది. మూడు కోణాల ముడి రాతప్రతుల్లో ఖాళీ జాగా నింపడానికి వాడినట్టు కనిపిస్తుంది. దాన్ని త్రిత్వానికి గుర్తుగా విరివిగా చెప్పుకోవడం మొన్నమొన్నటి అలవాటు. మూడు సుడుల గుర్తును కెల్టిక్ అంటూ లాకెట్ల మీద అమ్ముతారు గానీ, ఐర్లాండులోని న్యూగ్రేంజ్ రాతి సమాధి మీద అది క్రీ.పూ. 3200 ప్రాంతంలోనే ఉంది. కెల్టిక్ భాష ఆ దీవికి చేరడానికి ఎన్నో శతాబ్దాల ముందు మాట. మూడు రేకుల ఆకు చూపించి పాట్రిక్ త్రిత్వాన్ని బోధించాడన్న కథ సండే స్కూలులో మేమూ పిల్లలకు చెప్పినవాళ్లమే. ఆయన సొంతంగా రాసిన రెండు రచనల్లో ఆ ఆకు ఊసే లేదు. ఆ కథ రాతలో కనిపించేది 18వ శతాబ్దంలో.

వలయపు సిలువ సంగతి ఇంకాస్త చిక్కు. ఐర్లాండులో మోనాస్టర్‌బోయిస్ అనే చోట మ్యూరెడాక్ సిలువ అని ఒకటుంది. 10వ శతాబ్దం మొదట్లోది, ఎత్తు సుమారు 5.5 మీటర్లు. ఆదాము హవ్వలు, కయీను హేబెలు, దావీదు గొల్యాతులు, జ్ఞానుల రాక, నడుమ సిలువ వేయబడిన ప్రభువు, ఆ వెనక వైపున తీర్పు దినం, అన్నీ రాతిలో చెక్కారు. చదువురాని రైతుకు అదే బైబిలు. ఇది సమాధి రాయి కాదు, మఠం ఆవరణలో నిలబెట్టిన రాయి. వలయపు సిలువలు సమాధుల మీదికి విరివిగా రావడం 19వ శతాబ్దంలో, ఐరిషువారు తమ పాత కళను మళ్లీ తవ్వి తీసుకున్నప్పుడు జరిగింది.

వలయం ఎందుకన్న దానికి పండితులు చెప్పేవి చాలా ఉన్నాయి. బరువైన రాతి చేతులు విరిగిపోకుండా ఆనుకోవడానికని కొందరంటారు. దానికన్నా గట్టి ఆధారం ఉన్నది మరొకటి. 4వ శతాబ్దపు రోమ్ క్రైస్తవుల శవపేటికల మీద సిలువ పైన ఆకుల దండ చెక్కేవారు. పందెంలో గెలిచినవాడికి, యుద్ధం జయించినవాడికి వేసే దండ అది. మరణాన్ని జయించినవాడి గుర్తు చుట్టూ గెలుపు దండ వేశారు. ఆ దండే ఐర్లాండు రాతి మీద వలయమైందని చాలామంది అనుకుంటారు. పాట్రిక్ సూర్యుణ్ని పూజించేవారి కోసం సూర్యబింబాన్ని సిలువతో కలిపాడన్న కథకు మాత్రం ఆ కాలపు సాక్ష్యం లేదు.

సూర్యుడే అని రుజువు లేదు, నిత్యత్వమే అని కూడా రుజువు లేదు. గ్రానైటు యార్డు నమూనా కింది మాటలూ, పెద్దాయన భయమూ రెండూ ఒకే రకంగా ఈ మధ్య పుట్టినవే.

ఇదంతా చదువుతుండగా మా ఇంటి ముందు ముగ్గు గుర్తుకొచ్చింది. చుక్కలు పెట్టి, గీతను చుక్క చుట్టూ తిప్పుకుంటూ, దాని కింద నుంచి దీని మీద నుంచి పోనిచ్చి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపే మెలికల ముగ్గు చూడని తెలుగువాళ్లుండరు. 1951లో జార్జ్ బెయిన్ అనే స్కాట్లాండు డ్రాయింగు మాస్టారు కెల్టిక్ అల్లికలు ఎలా గీయాలో నేర్పే పుస్తకం అచ్చువేశారు. ఆయన వివరించిన పద్ధతి కూడా గడులు, చుక్కలు పెట్టుకుని మొదలవుతుంది. తమిళుల కోలానికీ, ఆఫ్రికాలో అంగోలా జనం ఇసుక మీద గీసే గీతలకూ, కెల్టిక్ ముడులకూ ఒకే లెక్క వర్తిస్తుందని గణితం వాళ్లు తేల్చారు. మా ఇంట్లో పెద్దావిడను ‘ఈ మెలికకు అర్థమేమిటి?’ అని అడిగితే, ‘అర్థమేటి, వాకిలి బోసిగా ఉండకూడదు’ అంది. ఆ ఐరిష్ సన్యాసిని అడిగినా ఇంచుమించు ఇదే జవాబు వచ్చేదేమో. పరిశుద్ధ గ్రంథంలో సొలొమోను మందిరపు స్తంభాలకు దానిమ్మపండ్లు, తామరపూలు, గొలుసు పని, అల్లిక పని చేయించిన వివరం చదవండి (1 రాజులు 7:17–22). వాటికి ఫలానా అర్థమని అక్కడ ఒక్క మాట కూడా లేదు.

ఇంతటితో జవాబు దొరికిందనుకున్నాం. పంతులుగారింటికి వెళ్లి చెప్పేద్దామనుకుంటూ ఉండగా సీతంపేట కొండల మీది నుంచి పిలుపు వచ్చింది.

గోడ మీద ఇల్లు

క్రిస్మస్‌కు నెల ముందు ఒక సవర గూడెంలో ప్రార్థన కూడిక పెట్టారు. సీతంపేట మండలం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. అటు విజయనగరం జిల్లాలో ఉండిన కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలూ అంతే. సరిహద్దులు మారినా సవరలు ఉన్నచోటే ఉన్నారు, ఒడిశా వైపు గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో వాళ్ల బంధువులు ఉన్నారు. సవర భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబంలోది. ఆ భాషను జీవితమంతా పట్టి చదివినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు గానీ, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించాలని పడ్డ తపన గురించి చెప్పుకునేవారు తక్కువ.

ఈ కొండల కింద మైదానంలోకి 1870ల్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చారు. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, పర్లాకిమిడి వాళ్ల తొలి స్థావరాలు. వాళ్లలో చాలామంది నోవా స్కోషియా, దాని చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఆ పేరుకు ‘కొత్త స్కాట్లాండ్’ అని అర్థం, అక్కడ కేప్ బ్రిటన్‌లో అప్పటికి ఇళ్లలో గేలిక్ మాట్లాడేవారు. అయినా బాప్టిస్టు గుడి గోడ అంటే తెల్లటి గోడ. బొమ్మలుండవు, ముడులుండవు. కెల్టిక్ నేలకు చుట్టరికం ఉన్న చోటి నుంచే మనకు సువార్త వచ్చినా, కెల్టిక్ సిలువ మాత్రం ఇన్నేళ్ల తరువాత గ్రానైటు వ్యాపారం వెంట వచ్చిందన్నమాట. మాకు నవ్వొచ్చింది.

కూడిక అయ్యాక ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఎర్రమట్టి పూసిన గోడ, దాని మీద గీత కూడా లేదు. లోపలి నుంచి ఆ ఇంటి మనవడు ఒక చుట్ట తెచ్చి విప్పాడు. ఎర్రటి గుడ్డ మీద తెల్లటి బొమ్మలు. చుట్టూ గళ్ల అంచు, లోపల బారులు తీరిన మనుషులు. రెండు త్రికోణాలు మొనలు కలిపితే ఒక మనిషి. ఏనుగులు, గుర్రాలు, నెమళ్లు, చెట్లు, పైన సూర్యుడు, చంద్రుడు. ప్రభుత్వం ఇచ్చిన శిక్షణలో నేర్చుకున్నాడట. విశాఖపట్నం ఎగ్జిబిషన్లలో అమ్ముతాడు. ప్రతి బొమ్మకూ ఒక చీటీ కుట్టి ఉంది. ఏనుగు బలానికి, నెమలి అందానికి, చెట్టు బతుకుకు.

‘ఇవన్నీ మీ పెద్దలు చెప్పిన అర్థాలేనా?’ అని అడిగాం.

‘కాదు సార్’ అని నవ్వాడు. ‘కొన్నోళ్లు అడుగుతారు. ఏదో ఒకటి సెప్పాలి కదా.’

గ్రానైటు యార్డు నమూనా కింది చీటీ మాకు కళ్లముందు కదిలింది.

ఆ మాటలు విన్న అవ్వ, కుర్రవాడి నాయనమ్మ, సవరలో ఏదో అంది. నవ్వుతూ అనలేదు. మనవడు తెలుగు చేశాడు. ‘అది బొమ్మ కాదంటంది మామ్మ. ఇల్లు అంటంది. సచ్చిపోయినోళ్లకి ఇల్లు.’

ఆమె చెప్పినది పుస్తకాల్లో ఉన్నదానితో సరిపోయింది. ఆ బొమ్మను ఇడితాల్ అంటారు. సవరలో గీయడానికీ రాయడానికీ ఒకటే మాట, ఇడితాల్ అంటే గోడ మీది రాత. వెరియర్ ఎల్విన్ అనే ఆంగ్లేయుడు దాని గురించి విపులంగా రాశారు. 1902లో పుట్టి, ఆంగ్లికన్ గురువుగా 1927లో మన దేశానికి వచ్చి, కొన్నేళ్లకు సంఘాన్నే విడిచిపెట్టి గిరిజనుల మధ్య బతికిన మనిషి. ఆయన గిరిజన కళ పుస్తకం వచ్చింది కూడా 1951లోనే, బెయిన్ మాస్టారి కెల్టిక్ పుస్తకం వచ్చిన ఏడాదే. ఇంట్లో జబ్బు చేస్తేనో, పంట పాడైతేనో, ఏ పెద్ద ఆత్మకు కోపం వచ్చిందో పూజారి కలలో తెలుసుకుంటాడు. ఆత్మను వాళ్లు సోనుం అంటారు. ఆ సోనుం కోసం గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో బొమ్మ వేస్తారు. చుట్టూ గీసే చట్రం ఇంటి గోడలు. ఏనుగు, గుర్రం ఆ ఇంటి యజమాని ఎక్కి తిరగడానికి. తరువాత కల్లు, బియ్యం పెట్టి, పాట పాడి ఆత్మను పిలిచి, ‘నీ ఇల్లు చూసుకో’ అంటారు. దానికి ఇంకేమైనా కావాలంటే అదీ గీస్తారు. సైకిలు, రైలు, విమానం కూడా అలాగే ఆ గోడల మీదికి ఎక్కాయి.

చనిపోయినవారికి రాయి కూడా నిలుపుతారు. గువార్ అనే ఆ తంతులో దున్నను బలిచ్చి, ఊరంతటికీ భోజనం పెట్టి, ఒక్కొక్కరి పేరున ఒక నిలువు రాయి పాతుతారు. మేము సమాధి రాయి గురించి కదా వెతుకుతున్నది! కొండ దిగకుండానే, ఐర్లాండు ఊసు లేకుండానే, చనిపోయినవారికి రాయి నిలిపే జనం మన పక్కనే ఉన్నారు.

పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంగ్లేయ పరిశోధకుడు 1975 నుంచి ఒడిశా వైపు సవరల మధ్య ఉండి చదివారు. అప్పట్లో చనిపోయినవారితో పూజారిణి నోట మాట్లాడటం ఆ ఊళ్లలో రోజువారీ సంగతి. తగువులు పెట్టుకునేవారు, ఏడ్చేవారు, అప్పుల లెక్కలు అడిగేవారు. తరువాత తరం చాలావరకు బాప్టిస్టులయ్యారు. ఆ మాటలు ఆగిపోయాక మనుషులు తమ దుఃఖాన్ని ఎలా మోశారన్నది 2017లో వచ్చిన ఆయన పుస్తకంలో పెద్ద ప్రశ్న. విశ్వాసులకు కొంచెం నొప్పి పుట్టించే పుస్తకమే, అయినా చదవదగ్గది. సువార్త అందుకున్నవాడు ఏం పొందాడో మనం ప్రతి వారం ఈ పేజీలో రాస్తాం. ఏం వదులుకున్నాడో ఎప్పుడైనా అడిగామా?

‘బొమ్మ మానేయమని మీకు ఎవరు చెప్పారు?’ అని అవ్వను అడిగాం. పాస్టరుగారో, దొరలో అంటుందనుకున్నాం.

‘ఎవులూ సెప్పలేదు’ అంది, ఈసారి తెలుగులోనే. ‘బొమ్మ గీస్తే దిగినట్టే. దిగినోణ్ని పొమ్మనలేం బాబూ. ఏటేటా మేక అడుగుతాడు, దున్న అడుగుతాడు. అప్పు సేసి పెట్టాం. మా ఆయన పోయాక ఆ గోడ నానే అలికేసినాను.’

ఆమె భర్త సమాధి ఊరి చివర చింతచెట్టు కింద ఉంది. సిమెంటు దిమ్మె, చిన్న సిలువ, తెలుగులో పేరు. మేము వెళ్లి చూసొచ్చాం.

ఇక్కడ మా పాత జవాబు చెదిరిపోయింది. గుర్తులో ఏముంది, అందం కోసమే కదా అనుకున్నవాళ్లం. ఐరిష్ ముడి అలా అనుకుంటే సరిపోయింది, మన మెలికల ముగ్గూ సరిపోయింది. అవ్వ గోడ మీది బొమ్మ సరిపోలేదు. అందులో ఎవరో కాపురం ఉన్నారు. చూడటానికి రెండూ గీతలే. ఒక గీతను ఏ సన్యాసి అయినా తెచ్చి సువార్త పుస్తకంలో పెట్టుకోవచ్చు. రెండోదాన్ని తేవాలంటే ముందు ఆ ఇల్లు ఖాళీ కావాలి. ఖాళీ అయిందో లేదో చెప్పగలిగినది అందులో బతికినవారే గానీ, బయటి నుంచి వెళ్లిన మేము కాదు. క్రీ.శ. 601లో గ్రెగొరీ పోపు ఇంగ్లండు వెళ్లిన తన మనుషులకు ఉత్తరం రాస్తూ, అన్యుల గుళ్లను పడగొట్టవద్దు, విగ్రహాలు తీసేసి అక్కడే ఆరాధించండి అన్నారు. రోమ్‌లో కూర్చుని రాయడానికి మంచి సలహానే. గుడినైతే కడిగి వాడుకోవచ్చు. బొమ్మే ఇల్లయిన చోట ఆ సలహా ఎలా పనిచేస్తుందో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

కొందరు సవరలు వేరే దారి పట్టారు. 1936లో మంగై గొమాంగో అనే ఆయన గుణుపురం దగ్గర మరిచిగూడలో సవర భాషకు కొత్త అక్షరాలు కనిపెట్టి, ఆ అక్షరాలకే గుడి కట్టారు. ఒక్కో అక్షరంలో ఒక్కో దేవత ఉంటుందని వారి నమ్మకం. గోడ మీది రాత అక్కడ బలిపీదకు ఎక్కింది. మన అవ్వ మనవరాలు మాత్రం తెలుగు బైబిలు పక్కన పెట్టుకుని సవర పాటల పుస్తకం చదువుతోంది.

ఇత్తడి సర్పం

కొండ దిగుతూ ఇత్తడి సర్పం కథ మాట్లాడుకున్నాం. అరణ్యంలో పాములు కరిచి జనం చనిపోతుంటే, ఇత్తడితో సర్పాన్ని చేసి స్తంభం మీద పెట్టమని దేవుడే మోషేతో చెప్పాడు. దాన్ని చూసినవాడు బతికాడు (సంఖ్యా. 21:4–9). అది అన్యుల గుర్తు కాదు, సాక్షాత్తూ దేవుని ఆజ్ఞతో చేసినది. తరాలు గడిచాయి. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు, నెహుష్టాను, ఉత్త ఇత్తడి ముక్క అని దానికి పేరుపడింది (2 రాజులు 18:4). అక్కడితో ఆ గుర్తు చచ్చిపోవాలి. కానీ ఒక రాత్రి నీకొదేముతో మాట్లాడుతూ, తన సిలువ గురించి చెప్పడానికి ప్రభువు ఆ సర్పాన్నే మళ్లీ ఎత్తుకున్నాడు (యోహాను 3:14). అప్పటికి ఆ ఇత్తడి లేదు, ధూపమూ లేదు. రాజు విరగ్గొట్టించిన గుర్తును ప్రభువు మాటల్లో నిలబెట్టాడు.

హిజ్కియా చేసింది తప్పా? కాదు. ఆయన కాలానికి అది కావలసిందే. గోడ అలికిన అవ్వ చేసిందీ అలాంటిదే. అలాగని ఆమె మనవడు హిజ్కియాకు ఎదురు నిలిచాడని అనగలమా? ఆ కుర్రవాడికి సోనుం తెలియదు, మేకను బలివ్వడం చూడలేదు, ఆదివారం గిటారు వాయిస్తాడు. అతనికి ఆ త్రికోణాల మనుషులు తన తాతల చేతిరాత. రాయడం వచ్చిన చేతిని ఏం చేసుకోవాలన్నది అతని బెంగ. మైదానంలో మనం ఇలాంటివి తేలిగ్గా తేల్చేస్తాం. ఒకరు ‘అన్నీ సంస్కృతే’ అంటారు, మరొకరు ‘అన్నీ సైతానువే’ అంటారు. అవ్వ అరుగు మీద కూర్చున్నాక ఈ రెండు మాటల్లో ఏదీ మా నోట రాలేదు.

పంతులుగారింటికి వెళ్లి తెలుసుకున్నదంతా చెప్పాం. సంఘపెద్ద కూడా వచ్చారు. సూర్యుడని రుజువు లేదన్నాం, గెలుపు దండ అనడానికి కొంత ఆధారం ఉందన్నాం. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, ‘అంటే ఖాయంగా ఎవులికీ తెలీదన్నమాట. ఎవులికీ తెలీని గుర్తు సమాధి మీద ఎందుకండీ?’ అన్నారు. మంచి ప్రశ్నే. మా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు అమ్మగారు చెప్పారు. ‘రేపు నవంబరు 2న మా మనవలు కొవ్వొత్తులు పట్టుకొని సమాధి దగ్గరికి వస్తారు. ఈ గుండ్రం ఏటి మామ్మా అంటారు. మీ తాత పరుగు ముగించాడు, ఇది ఆయన మెడలో పడాల్సిన దండ అని సెప్తాను. ఆళ్లకి అదే అర్థం.’ పెద్దాయన తల ఊపారు, ఒప్పుకున్నారో లేదో మాకు తెలియదు. ఆ అల్లిక చెక్కడం మాత్రం ఆవిడే వద్దన్నారు. ఆ సందుల్లో నాచు పట్టేస్తుందట, కడగడం కష్టమట. మెలికల్లేకుండా, వలయం ఒక్కటీ ఉంచి, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ వేయించి మొన్న రాయి నిలబెట్టారు.

క్రిస్మస్‌కు కొండ మీది గుడిలో మనవడి చేత ఒక బొమ్మ వేయించాలని అక్కడి పాస్టరుగారు అనుకున్నారు. వెనక గోడ ఖాళీగా ఉందని చూపించారు. గోడ మీద వద్దంది అవ్వ. గుడ్డ మీద అయితే సరే, పండుగ కాగానే చుట్టి పెట్టేయాలంది. కుర్రవాడు నాలుగు రోజులు కూర్చుని గీశాడు. పెంకుటిల్లు, తల్లి, చంటిబిడ్డ, ధాన్యపు గంపలు నెత్తిన పెట్టుకుని బారులుగా వచ్చే త్రికోణాల మనుషులు, గొర్రెల బదులు మేకలు. పైన అలవాటు కొద్దీ ఒక మూల సూర్యుణ్ని, ఒక మూల చంద్రుణ్ని వేశాడు.

అవ్వ దగ్గరికి వచ్చి, కళ్లు చికిలించి అంతా చూసింది. మేకలను చూసి నవ్వింది. సూర్యుడి దగ్గర వేలు ఆపింది.

‘ఈణ్ని తీసీ. ఈణ్ని నాను ఎరుగుదును.’

రంగు ఆరిపోయింది, చెరపడానికి లేదు. కుర్రవాడు కాసేపు ఆలోచించి, పుల్ల తడిపి, ఆ గుండ్రం చుట్టూ ఒక్కొక్కటిగా కోణాలు గీసి దాన్ని చుక్కను చేశాడు.